మొదటిసారి కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తున్నారా? ఆ 'టక్' శబ్దానికి ముందే జరగాల్సినవి ఇవే..!

ఫోన్‌లో రీల్స్ స్క్రోల్ చేస్తుంటే ఏదో ఒక చోట ఈ వీడియో కనిపించాల్సిందే. టేబుల్ మీద ఒకరు పడుకుని ఉంటారు. పక్కన నిలబడ్డ వ్యక్తి మెడ పట్టుకుని ఒక్కసారిగా తిప్పుతాడు. 'టక్' మని శబ్దం. పడుకున్న మనిషి ముఖంలో ఆశ్చర్యం.. ఆ తర్వాత నవ్వు. ఏళ్ల నాటి నొప్పి క్షణంలో మాయమైందన్నట్టు కింద క్యాప్షన్.

అవి చూసి చాలామంది 'మనమూ ఒకసారి వెళ్లొస్తే పోలా?' అనుకుంటున్నారు. గంటల తరబడి సిస్టమ్ ముందు కూర్చునే ఐటీ ఉద్యోగులు, రోజంతా బండి మీద తిరిగే డెలివరీ బాయ్స్, ఇంటి పనితో నడుము పట్టేసిన గృహిణులు.. అందరికీ ఉన్న సమస్యే ఇది. అయితే వీడియోలో కనిపించేది చివరి అర నిమిషం మాత్రమే. అంతకు ముందు జరగాల్సిన అరగంట అందులో కనిపించదు. రోగి భద్రత అంతా ఆ అరగంట మీదే ఆధారపడి ఉంటుంది. అసలు కైరోప్రాక్టర్ ఏం చేస్తారు? మొదటి విజిట్‌లో ఏం జరుగుతుంది? ఎవరు వెళ్లకూడదు? ఎప్పుడు టేబుల్ మీద నుంచి లేచి వచ్చేయాలి? పూర్తి వివరాలు ఇవీ..

ఇంతకీ కైరోప్రాక్టిక్ అంటే ఏంటి?

గ్రీకు భాషలో 'చేయి', 'పని' అనే అర్థాలున్న రెండు మాటల నుంచి ఈ పేరు పుట్టింది. అంటే చేతులతో చేసే చికిత్స అన్నమాట. వెన్నెముక, మెడ, నడుము, భుజాల కీళ్లను చేత్తో కదిలించి, బిగుసుకున్న చోట కదలిక తీసుకురావడమే ఇందులో ప్రధానం. మందులు, సర్జరీ ఉండవు.

దీన్ని మొదలుపెట్టింది డేనియల్ డేవిడ్ పామర్. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం డావెన్‌పోర్ట్‌లో హార్వీ లిల్లార్డ్ అనే వ్యక్తికి వెన్నుపూస సరిచేస్తే పోయిన వినికిడి తిరిగొచ్చిందని ఆయన చెప్పుకున్నారు. 1897లో అదే ఊళ్లో స్కూల్ కూడా పెట్టారు. నిజానికి చెవి నుంచి మెదడుకు వెళ్లే నరం వెన్నెముక గుండా వెళ్లదు. అందుకే ఆ కథను వైద్యశాస్త్రం ఒప్పుకోదు. వెన్నుపూస పక్కకు జరగడమే చాలా రోగాలకు మూలం అని పామర్ చేసిన వాదనకు కూడా ఆధారాలు దొరకలేదు. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే సంస్థే 2010లో ఈ సిద్ధాంతాన్ని చారిత్రక భావనగా పేర్కొంది. జబ్బులకు ఇదే కారణమని చెప్పడానికి క్లినికల్ పరిశోధన ఆధారాలు లేవని స్పష్టం చేసింది.

మరి ఇదంతా ఉత్తదేనా అంటే.. అదీ కాదు. నడుము నొప్పి వరకు చూస్తే చేత్తో చేసే ఈ చికిత్సతో కొంత ఉపశమనం ఉంటుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఎంత వరకు అన్నది కింద చూద్దాం.

మన దగ్గర నడుము పట్టేస్తే ఎదురు కాళ్లతో పుట్టినవాళ్లతో నడుము తొక్కించుకోవడం పాత అలవాటు. ఎముక విరిగితే పుత్తూరు కట్టుకు వెళ్లేవాళ్లూ ఉన్నారు. కైరోప్రాక్టిక్ ఈ రెండింటి లాంటిది కాదు. ముఖ్యంగా ఎముక విరిగిందన్న అనుమానం ఉంటే కైరోప్రాక్టర్ దగ్గరికి అస్సలు వెళ్లకూడదు. నేరుగా ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికే వెళ్లాలి.

ముందు చూడాల్సింది.. చేసేది ఎవరు?

అమెరికాలో కైరోప్రాక్టర్ కావాలంటే 'డాక్టర్ ఆఫ్ కైరోప్రాక్టిక్' డిగ్రీ చేయాలి. అందులో కనీసం 4,200 గంటల శిక్షణ ఉంటుంది. ఆ తర్వాత బోర్డు పరీక్షలు పాసై, రాష్ట్ర లైసెన్స్ తీసుకోవాలి. మొత్తం 50 రాష్ట్రాల్లోనూ లైసెన్స్ తప్పనిసరి. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉండే తెలుగువాళ్లు రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో పేరు కొట్టి లైసెన్స్ ఉందో లేదో రెండు నిమిషాల్లో చూసుకోవచ్చు. బ్రిటన్‌లో 1994లో చట్టమే చేశారు. అక్కడ జనరల్ కైరోప్రాక్టిక్ కౌన్సిల్‌లో రిజిస్టర్ కాకుండా కైరోప్రాక్టర్ అని చెప్పుకోవడం నేరం.

భారత్‌లో పరిస్థితి వేరు. ఇక్కడ కైరోప్రాక్టర్లకు ప్రత్యేకంగా చట్టబద్ధమైన కౌన్సిల్ లేదు. అందుకే బోర్డు మీద 'కైరో' అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నవాళ్లు ఏం చదివారో తెలియదు. విదేశాల్లో పూర్తి డిగ్రీ చేసి వచ్చినవాళ్లు కొందరు. ఫిజియోథెరపీ చదివి, అదనంగా మాన్యువల్ థెరపీ కోర్సులు చేసినవాళ్లు కొందరు. కొద్ది రోజుల వర్క్‌షాప్‌తో మొదలుపెట్టినవాళ్లూ ఉంటారు. ముగ్గురూ ఒకటి కాదు.

కాబట్టి అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మూడు విషయాలు అడగాలి. ఏ డిగ్రీ చేశారు? ఎక్కడ, ఎన్నేళ్లు చదివారు? ఎక్కడైనా రిజిస్ట్రేషన్ ఉందా? ఇవి అడగడం అమర్యాద కాదు. సరైన చదువున్నవాళ్లు దాచరు. 'మా ఫాలోవర్స్‌ని చూడండి' అన్నది మాత్రం సమాధానం కాదు.

వీళ్లు కైరోప్రాక్టర్ కంటే ముందు డాక్టర్‌ను చూడాలి

చాలా వరకు నడుము నొప్పి కండరాలు, కీళ్లకు సంబంధించిందే. కానీ కొన్నిసార్లు ఆ నొప్పి వెనుక పెద్ద జబ్బు దాక్కుని ఉంటుంది. అలాంటప్పుడు వెన్నుపూస మీద బలంగా నొక్కితే ఉన్న సమస్య ముదిరిపోతుంది. కింద చెప్పినవాటిలో ఏ ఒక్కటి ఉన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

1. కింద పడ్డాక, యాక్సిడెంట్ అయ్యాక మొదలైన నొప్పి.

2. జ్వరం, బరువు తగ్గడం, రాత్రిళ్లు నిద్ర లేపేసే నొప్పి. ప్రపంచంలో టీబీ కేసులు ఎక్కువగా ఉన్న దేశం మనదే. టీబీ ఊపిరితిత్తులకే కాదు, వెన్నుపూసకూ వస్తుంది. ఎముకలకు వచ్చే టీబీలో ఎక్కువగా దెబ్బతినేది వెన్నెముకే. సాయంత్రం పూట ఒళ్లు వెచ్చబడటం, ఆకలి తగ్గడం, వారాల తరబడి వదలని వెన్ను నొప్పి ఉంటే అసలు ఆలస్యం చేయొద్దు.

3. గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం.

4. ఎముకలు గుల్లబారడం, అంటే ఆస్టియోపోరోసిస్. మెనోపాజ్ దాటిన మహిళలు, ఎక్కువ కాలం స్టెరాయిడ్స్ వాడినవాళ్లు ఈ విషయంలో జాగ్రత్తగా ఉండాలి.

5. రక్తం పలుచబడే మందులు వాడటం. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, వాల్వ్ మార్పించుకున్నవాళ్లు ఏ మాత్రలు వేసుకుంటున్నారో ముందే చెప్పాలి.

6. రుమటాయిడ్ ఆర్థరైటిస్, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి కీళ్ల జబ్బులు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మెడ పైభాగంలోని మొదటి రెండు పూసల పట్టు సడలే ప్రమాదం ఉంటుంది.

7. వెన్నెముకకు ఇదివరకే ఆపరేషన్ అయి ఉండటం.

ఇక కొన్ని లక్షణాలుంటే నేరుగా ఎమర్జెన్సీకే. మల, మూత్రాలపై పట్టు తప్పడం.. మూత్రం ఆగిపోవడం.. తొడల మధ్య, కూర్చునే భాగంలో తిమ్మిరి పట్టడం.. రెండు కాళ్లలో బలం తగ్గడం. వెన్నెముక చివర ఉండే నరాల కట్ట నొక్కుకుపోతే ఇలా జరుగుతుంది. గంటల్లో ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. ఇక్కడ ఆలస్యమైతే కాళ్లు, మూత్రాశయం శాశ్వతంగా దెబ్బతినే ప్రమాదం ఉంది.

క్లినిక్‌లో అడుగుపెట్టాక.. మొదటి దశ ప్రశ్నలే!

మొదటి విజిట్ సాధారణంగా అరగంట నుంచి గంట వరకు పడుతుంది. లోపలికి వెళ్లగానే ఒక ఫారం ఇస్తారు. నొప్పి ఎక్కడ? ఎప్పటి నుంచి? ఎలా మొదలైంది? కాలిలోకి గానీ చేతిలోకి గానీ పాకుతోందా? ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది? బీపీ, షుగర్ ఉన్నాయా? ఏ మందులు వాడుతున్నారు? పాత దెబ్బలు, ఆపరేషన్లు ఏమైనా ఉన్నాయా? మహిళలైతే గర్భం గురించి కూడా అడుగుతారు.

'నడుము నొప్పికి వస్తే షుగర్ సంగతి ఎందుకు?' అని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. అది పొరపాటు. పైన చెప్పిన ప్రమాదాలను పట్టుకునేది ఈ ప్రశ్నలతోనే. పాత ఎక్స్‌రేలు, ఎంఆర్ఐ రిపోర్టులు, వాడే మందుల చీటీ వెంట తీసుకెళ్లడం మంచిది. పెద్దవాళ్లను తీసుకెళ్తుంటే మందుల స్ట్రిప్పులే ఒక కవర్‌లో వేసుకెళ్తే సరిపోతుంది.

వదులుగా ఉండే బట్టలు వేసుకోవాలి. ట్రాక్ ప్యాంట్, టీ షర్ట్, చుడీదార్ లాంటివి అయితే సౌకర్యం. బెల్టు, గొలుసులు, చెవి కమ్మలు తీసేయమంటారు. కడుపు నిండా తినేసి వెళ్తే బోర్లా పడుకోవడం కష్టం. మహిళలు కావాలంటే గదిలో మహిళా సిబ్బందిని గానీ, తమ వెంట వచ్చినవాళ్లను గానీ ఉంచమని అడగొచ్చు. కాదంటే ఆ క్లినిక్ గురించి మళ్లీ ఆలోచించుకోవాలి.

రెండో దశ.. పరీక్ష

తర్వాత నిలబెట్టి, నడిపించి చూస్తారు. భుజాలు, తుంటి సమానంగా ఉన్నాయా అని గమనిస్తారు. ముందుకు, వెనక్కి, పక్కకు వంగమంటారు. మెడ ఎంత వరకు తిరుగుతోందో చూస్తారు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తుతారు. అలా ఎత్తినప్పుడు నొప్పి పిక్క దాకా పాకితే డిస్క్ దగ్గర నరం నొక్కుకుపోతోందన్న అనుమానం వస్తుంది. మోకాలి దగ్గర చిన్న సుత్తితో తట్టి రిఫ్లెక్స్ చూస్తారు. వేళ్లలో స్పర్శ, పాదాల్లో బలం పరీక్షిస్తారు. మెడ నొప్పి ఉంటే బీపీ కూడా చూడాలి.

ఈ పరీక్షల్లో ఏదైనా తేడా కనిపిస్తే మంచి కైరోప్రాక్టర్ అక్కడితో ఆపేస్తారు. 'ఇది నేను చేసేది కాదు, న్యూరాలజిస్ట్‌ను కలవండి' అని పంపిస్తారు. డబ్బు దండగ అయిందనుకోవద్దు. ఆ విజిట్‌లో దొరికే అతి విలువైన సలహా అదే.

ఎక్స్‌రే అందరికీ అవసరమా?

అవసరం లేదు. ప్రమాద లక్షణాలేవీ లేని కొత్త నడుము నొప్పికి మొదటి 6 వారాల్లో ఎక్స్‌రే తీయించాల్సిన పనిలేదని అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే 2017లో తన సభ్యులకు సూచించింది. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఎక్స్‌రే తీసి, 'మీ వెన్ను ఇలా వంకరపోయింది' అని భయపెడితే అనుమానించాల్సిందే. వయసు పెరిగే కొద్దీ వెన్నుపూసల్లో మార్పులు రావడం మామూలే. నొప్పి లేనివాళ్ల స్కాన్‌లలో కూడా అవి కనిపిస్తుంటాయి.

మూడో దశ.. మీ అనుమతి

పరీక్ష అయ్యాక సమస్య ఏంటి, ఏం చేయబోతున్నారు, దానివల్ల లాభమెంత, ప్రమాదమెంత, వేరే మార్గాలేమున్నాయి.. ఇవన్నీ అర్థమయ్యేలా చెప్పాలి. ఆ తర్వాత అనుమతి తీసుకోవాలి. చాలాచోట్ల ఒక కాగితం మీద సంతకం పెట్టిస్తారు. చదవకుండా పెట్టొద్దు. నడుముకు సరేనని, మెడకు వద్దని చెప్పే హక్కు రోగికి ఉంటుంది. వీడియో తీస్తామంటే వద్దనే హక్కు కూడా ఉంటుంది.

టేబుల్ మీద ఏం జరుగుతుంది?

పరీక్షలో అన్నీ సరిగ్గా ఉంటేనే చికిత్స మొదలవుతుంది. కొందరు మొదటి రోజు పరీక్షతో ఆపి, రెండో విజిట్‌లో చికిత్స చేస్తారు.

అందరికీ తెలిసిన పద్ధతిలో పక్కకు గానీ, బోర్లా గానీ పడుకోబెట్టి, ఒక కీలును అది కదిలే హద్దు వరకు తీసుకెళ్తారు. అక్కడి నుంచి వేగంగా, కొద్ది దూరం మాత్రమే నెడతారు. ఎక్కువ బలం అక్కర్లేదు, వేగమే ముఖ్యం. కొందరి దగ్గర టేబుల్‌లోని ఒక భాగం కాస్త కిందికి పడేలా ఉంటుంది. కొందరు స్ప్రింగ్‌తో పనిచేసే చిన్న పరికరంతో తడతారు. మెల్లగా సాగదీసే పద్ధతులూ ఉన్నాయి. శబ్దం వచ్చేలా చేయించుకోవడం ఇష్టం లేకపోతే ఈ నెమ్మది పద్ధతులు అడగొచ్చు.

ఒళ్లు బిగపట్టకుండా వదులుగా ఉండాలి. ఊపిరి మామూలుగా తీసుకోవాలి. మధ్యలో పదునైన నొప్పి గానీ, తిమ్మిరి గానీ వస్తే వెంటనే 'ఆపండి' అని గట్టిగా చెప్పాలి. ఓర్చుకోవాల్సిన అవసరం లేదు.

మరి ఆ 'టక్' శబ్దం ఏంటి?

ఎముకలు రాసుకోవడం కాదు. పక్కకు జరిగిన పూస మళ్లీ చోటికి వచ్చిన శబ్దం అంతకన్నా కాదు. కీలు లోపల జిగట ద్రవం ఉంటుంది. కీలును ఒక్కసారిగా లాగినప్పుడు లోపల ఒత్తిడి తగ్గి, ఆ ద్రవంలో గ్యాస్ బుడగ లాంటి ఖాళీ ఏర్పడుతుంది. చేతి వేళ్లు విరిచినప్పుడు వచ్చే శబ్దమూ ఇదే. 2015లో కెనడాలోని అల్బర్టా యూనివర్సిటీ పరిశోధకులు వేలిని లాగుతూ ఎంఆర్ఐ తీసి, శబ్దం వచ్చే క్షణంలోనే ఆ ఖాళీ ఏర్పడటాన్ని చూపించారు.

అంటే శబ్దం వచ్చినంత మాత్రాన నొప్పి తగ్గినట్టు కాదు. రాకపోతే చికిత్స పనిచేయనట్టూ కాదు. మైక్ దగ్గర పెట్టి ఆ శబ్దాన్ని వినిపించే వీడియోలు చూసి చికిత్స ఎంత బాగా జరిగిందో చెప్పలేం.

మెడ విషయంలో రెండింతలు జాగ్రత్త

మెడ పూసల పక్కన ఉండే చిన్న రంధ్రాల గుండా రెండు రక్తనాళాలు మెదడు వెనుక భాగానికి వెళ్తాయి. మెడ ఒక్కసారిగా తిరిగినప్పుడు ఆ నాళం లోపలి పొర చిరిగితే అక్కడ రక్తం గడ్డకట్టి, మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. ఇది చాలా అరుదు. కానీ వస్తే ప్రాణాల మీదికి వస్తుంది.

2014లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ దీనిపై ఒక ప్రకటన ఇచ్చింది. మెడ మానిప్యులేషన్‌కు, ఈ రక్తనాళాల చిరుగుకు మధ్య సంబంధం కనిపిస్తోందని, అయితే అదే కారణమని కచ్చితంగా తేలలేదని చెప్పింది. ఎందుకంటే నాళం చిరగడం మొదలైనప్పుడే మెడ నొప్పి వస్తుంది. ఆ నొప్పితోనే కొందరు కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్తుంటారు. ఏదేమైనా మెడ తిప్పే ముందు ఈ ప్రమాదం గురించి రోగికి చెప్పాల్సిందేనని ఆ సంస్థ సూచించింది.

మెడను ఇష్టమొచ్చినట్టు వంచితే ఏమవుతుందో హైదరాబాద్‌లోనూ ఒక కేసు బయటపడింది. అది కైరోప్రాక్టిక్ కేసు కాదు. 2022లో ఒక 50 ఏళ్ల మహిళకు పార్లర్‌లో తల వెనక్కి వాల్చి జుట్టు కడుగుతుండగా తల తిరిగి, వాంతులయ్యాయి. మొదట గ్యాస్ సమస్య అనుకున్నారు. ఎంఆర్ఐలో చూస్తే మెదడుకు స్ట్రోక్ అని తేలింది. సెలూన్లలో కటింగ్ అయ్యాక మెడ పట్టి 'టక్'మనిపించే అలవాటు మన ఊళ్లలో చాలా చోట్ల ఉంది. ఎలాంటి శిక్షణ, పరీక్ష లేకుండా చేసే ఆ పనికి 'వద్దు' అని చెప్పడమే మంచిది. గడ్డం కింద పట్టీ వేసి మెడను గట్టిగా లాగే వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించడం ఇంకా ప్రమాదం.

కొత్తగా, ఎప్పుడూ లేనంత తీవ్రంగా మెడ నొప్పి, తలనొప్పి ఉంటే మెడ తిప్పించుకోవద్దు. ముందు డాక్టర్‌కు చూపించాలి.

ఇంటికెళ్లాక ఏం ఆశించాలి?

చికిత్స తర్వాత కొందరికి ఒళ్లు తేలికైనట్టు ఉంటుంది. చాలామందికి అదే చోట కాస్త నొప్పి, బిగుతు, అలసట, కొద్దిగా తలనొప్పి ఉండొచ్చు. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. ఆ రోజు బరువులు ఎత్తకుండా, మెల్లగా నడుస్తూ ఉండాలి. మంచం పట్టి పడుకోవాల్సిన పనిలేదు. అలా పడుకుంటే నడుము ఇంకా బిగుసుకుపోతుంది.

కానీ ఈ లక్షణాలు కనిపిస్తే మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి తల తిరగడం, తూలిపోవడం.. మాట ముద్దగా రావడం.. రెండుగా కనిపించడం.. ముఖం ఒక పక్క వాలిపోవడం, తిమ్మిరి.. మింగలేకపోవడం.. చేయి, కాలు పడిపోవడం. తెలుగు రాష్ట్రాల్లో అయితే 108, అమెరికాలో అయితే 911. రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. 'రేపు అదే క్లినిక్‌కు ఫోన్ చేద్దాంలే' అనుకుంటే ఆ సమయం దాటిపోతుంది.

ఇంతకీ పనిచేస్తుందా?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2020లో ప్రపంచవ్యాప్తంగా 61.9 కోట్ల మంది నడుము నొప్పితో బాధపడ్డారు. అందుకే దీని మీద పరిశోధనలు కూడా చాలానే జరిగాయి.

అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కొత్తగా వచ్చిన నడుము నొప్పికి మందుల కంటే ముందు ప్రయత్నించదగ్గ వాటిలో వేడి కాపడం, మసాజ్, ఆక్యుపంక్చర్‌తో పాటు వెన్ను మానిప్యులేషన్‌నూ చేర్చింది. అదే ఏడాది 'జామా' జర్నల్‌లో వచ్చిన విశ్లేషణ 26 ప్రయోగాలను పరిశీలించింది. 6 వారాల వరకు నొప్పిలో, కదలికలో ఒక మోస్తరు మెరుగుదల ఉంటుందని తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలిక నడుము నొప్పి కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఇది ఒక ఆప్షన్‌గా ఉంది. బ్రిటన్ మార్గదర్శకాలు మాత్రం వ్యాయామంతో కలిపి చేస్తేనే అంటున్నాయి.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన మాట 'ఒక మోస్తరు'. ఒక్క దెబ్బకు జీవితాంతం నొప్పి పోదు. కొత్తగా వచ్చిన నడుము నొప్పి చాలామందికి ఏ చికిత్స చేసినా, చేయకపోయినా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. ఆ లోపు కాస్త ఊరట కావాలంటే ఇదొక మార్గం. ఫిజియోథెరపిస్ట్ నేర్పే వ్యాయామాలు మరో మార్గం. మళ్లీ రాకుండా కాపాడేవి మాత్రం రోజూ చేసే వ్యాయామం, నడక, కూర్చునే తీరే.

థైరాయిడ్, షుగర్, బీపీ, ఆస్తమా, సంతానలేమి.. వీటిని వెన్నుపూస సరిచేసి తగ్గిస్తామని చెబితే నమ్మొద్దు. అందుకు ఆధారాలు లేవు. వాడుతున్న మందులు ఆపేయమంటే ఆ క్షణమే బయటికి వచ్చేయాలి.

పసిపిల్లలకు వద్దు

ఆస్ట్రేలియాలో ఓ పసికందుకు చికిత్స చేస్తున్న వీడియో వైరల్ అవడంతో పెద్ద దుమారమే రేగింది. 2019లో అక్కడి కైరోప్రాక్టిక్ బోర్డు 2 ఏళ్లలోపు పిల్లలకు వెన్ను మానిప్యులేషన్ చేయొద్దని మధ్యంతర విధానం తెచ్చింది. బిడ్డ ఏడుపు ఆపడం లేదనో, నిద్రపోవడం లేదనో పసిపిల్లలను ఈ టేబుళ్ల మీద పడుకోబెట్టొద్దు. చూపించాల్సింది పిల్లల డాక్టర్‌కే. గర్భిణులు కూడా ముందు తమ గైనకాలజిస్ట్‌ను అడిగాకే నిర్ణయం తీసుకోవాలి.

ప్యాకేజీల దగ్గర ఆగి ఆలోచించండి

'40 సిట్టింగ్‌లు, ఇవాళ కడితే సగం ధర' అనే ఆఫర్లు కొన్ని చోట్ల ఉంటాయి. మొదటి రోజే నెలల తరబడి ప్యాకేజీకి డబ్బు కట్టాల్సిన అవసరం లేదు. కొన్ని సిట్టింగ్‌లు చూసుకుని, మూడు నాలుగు వారాల్లో మార్పు ఉందో లేదో లెక్క చూసుకోవాలి. ఇంతకు ముందు పది నిమిషాలు కూర్చోలేనివాళ్లు ఇప్పుడు అరగంట కూర్చోగలుగుతున్నారా? రాత్రి నిద్ర పడుతోందా? మార్పు లేకపోతే అదే పని మళ్లీ మళ్లీ చేయించుకోవడం కంటే డాక్టర్‌ను కలవడం మేలు.

భారత్‌లో ఆరోగ్య బీమా ఉన్నవాళ్లు ఇలాంటి క్లినిక్ ఖర్చు పాలసీలో వస్తుందో లేదో ముందే కనుక్కోవాలి. అమెరికాలో అయితే ఇన్సూరెన్స్ నెట్‌వర్క్‌లో ఉన్నారా, ఏడాదికి ఎన్ని విజిట్లు కవర్ అవుతాయి, కో-పే ఎంత అన్నవి అడగాలి. అక్కడి మెడికేర్ వెన్నెముక మానిప్యులేషన్ వరకే డబ్బు ఇస్తుంది. కైరోప్రాక్టర్ రాసిన ఎక్స్‌రేలకు, మసాజ్‌కు ఇవ్వదు. పిల్లల దగ్గరికి విజిటర్ వీసాపై వెళ్లిన తల్లిదండ్రులకు పాత నొప్పులు పాలసీలో వస్తాయా అన్నది తప్పకుండా చూసుకోవాలి.

టేబుల్ ఎక్కే ముందు అడగాల్సిన 6 ప్రశ్నలు

1. నా నొప్పికి కారణం ఏంటని మీరు అనుకుంటున్నారు?

2. నా వయసుకు, నా మందులకు ఈ చికిత్స సురక్షితమేనా?

3. మెడ తిప్పకుండా చేసే పద్ధతి ఉందా?

4. ఎన్ని సిట్టింగ్‌లు పడతాయి? ఎప్పటికి మార్పు కనిపించాలి?

5. తగ్గకపోతే నన్ను ఎవరి దగ్గరికి పంపిస్తారు?

6. ఇంట్లో నేను చేయాల్సిన వ్యాయామాలేంటి?

వీటికి ఓపిగ్గా జవాబు చెప్పేవాళ్ల దగ్గర చికిత్స చేయించుకోవచ్చు. ప్రశ్నలు అడిగితే విసుక్కునేవాళ్ల దగ్గర వద్దు.

చివరగా ఒక్క మాట. ఏమీ అడగకుండా, ఏ పరీక్షా చేయకుండా ఎవరైనా నేరుగా మెడ మీద చేయి వేస్తే మొహమాటపడొద్దు. కట్టిన ఫీజు పోతే పోనీ, టేబుల్ దిగి వచ్చేయాలి. నొప్పికి మందు తర్వాతైనా దొరుకుతుంది.

(గమనిక: ఈ వివరాలు అవగాహన కోసం మాత్రమే. నొప్పి తీవ్రంగా ఉన్నా, ఎక్కువ కాలం వేధిస్తున్నా డాక్టర్‌ను సంప్రదించాలి.)